ట్రిక్లింగ్ ఫిల్టర్: నీరు తడిపిన చోటే శుద్ధి

రాళ్ల మీదో ప్లాస్టిక్ మీదో పెరిగే సూక్ష్మజీవులతో మురుగునీటిని శుద్ధి చేసే ట్రిక్లింగ్ ఫిల్టర్ నుంచి బయటికొచ్చే నీటిలో బీఓడీ (సేంద్రియ మలినం ఎంతుందో చెప్పే కొలత) పెరిగితే అనుమానం ముందు సూక్ష్మజీవుల మీదికే పోతుంది. లోడ్ ఎక్కువైందా, ఏదైనా రసాయనం వచ్చి చంపేసిందా, చలికి మందగించాయా అని ల్యాబ్ రిపోర్టులు తిరగేస్తారు. అవన్నీ జరిగేవే. కానీ అంతకన్నా ముందు నిచ్చెనెక్కి బెడ్ (ఆ రాళ్లు నింపిన తొట్టి) పైభాగం చూడాలి. ఏ నాజిల్ మూసుకుపోయింది, నీరు చల్లే డిస్ట్రిబ్యూటర్ చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతోంది, ఏ రాయి పొడిగా ఉంది, ఎక్కడ నీరు మడుగు కట్టింది? సగం జబ్బులు అక్కడే బయటపడతాయి. నీరు తాకని రాయి మీద సూక్ష్మజీవులు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అందుకే ఇక్కడ చెప్పేదంతా నీటి ప్రయాణం గురించి. జీవక్రియల ఊసు అవసరమైనంత మేరకే.

బెడ్ లోపల నీరు ఎంత ఉంటుంది?

1890ల్లో అమెరికాలోని లారెన్స్ ప్రయోగ కేంద్రంలోనూ, ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్‌లోనూ ఈ పద్ధతి రూపుదిద్దుకున్న నాటి నుంచి మూల నిర్మాణం పెద్దగా మారలేదు. రాళ్లతోనో ప్లాస్టిక్‌తోనో (ఈ నింపుడునే మీడియా అంటారు) నింపిన తొట్టి, పైన తిరిగే చేతులతో, అంటే రంధ్రాలున్న గొట్టాలతో, నీరు చల్లే డిస్ట్రిబ్యూటర్, అడుగున నీటిని పోగుచేస్తూ గాలికి దారి ఇచ్చే అండర్‌డ్రెయిన్. రాతి బెడ్ లోతు సాధారణంగా 1 నుంచి 2.5 మీటర్లు, ప్లాస్టిక్ టవర్ అయితే 12 మీటర్ల దాకా పోతుంది.

రాళ్ల మధ్య ఖాళీలు నీటితో నిండి ఉంటాయనుకోవడం మొదటి పొరపాటు. అక్కడ ఉండేది ప్రధానంగా గాలి. నీరు రాయి మీది జీవపొరను (సూక్ష్మజీవుల పొరను) అంటుకుని, పల్చటి పొరగా జారిపోతుంది. ఎంత పల్చన అన్నది లెక్కకట్టవచ్చు. చదరపు మీటరుకు సెకనుకు అర లీటరు నీరు పోస్తున్న ప్లాస్టిక్ టవర్ తీసుకుందాం. రోజుకు చెప్పాలంటే చ.మీ.కు 43 ఘనపు మీటర్లు. ప్లాస్టిక్ మీడియాకు కనీసం ఇంతైనా పడాలని డిజైన్ పుస్తకాల్లో ఉండే అంకె ఇదే. మీడియా ఉపరితలం ఘనపు మీటరుకు 100 చ.మీ. అనుకుంటే, ఒక మీటరు వెడల్పు ఉపరితలం మీదుగా సెకనుకు 5 మిల్లీలీటర్లు జారుతుంది. నిట్టనిలువు నునుపు గోడ మీద అంత నీరు జారితే పొర మందం సుమారు 0.115 మి.మీ., సగటు వేగం సెకనుకు 4.3 సెం.మీ. అంటే 6 మీటర్ల టవర్ పైనుంచి కిందికి రావడానికి రెండు నిమిషాల పైచిలుకు. ఘనపు మీటరు బెడ్‌లో ఏ క్షణంలోనైనా జారుతూ ఉన్న నీరు 12 లీటర్లకు మించదు.

ఇది ఆదర్శ లెక్క. అసలు బెడ్‌లో గోడ నునుపుగా ఉండదు, నీరు అంతటా పరుచుకోదు, మలుపుల దగ్గర ఆగుతుంది, జీవపొర గుంటల్లో కాసేపు నిలుస్తుంది. కాబట్టి అసలు సమయం దీనికి కొన్ని రెట్లుంటుంది. అయినా గంటలు కాదు, నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో కరిగిన సేంద్రియ పదార్థం నీటి పొరలోంచి జీవపొరలోకి చేరాలి, ఆక్సిజన్ గాలిలోంచి నీటి పొర దాటి లోపలికి పోవాలి. పొర పల్చగా ఉండబట్టే ఇది సాధ్యమవుతోంది.

ఈ పొరకు ఒక స్వభావం ఉంది, దాన్ని పట్టుకుంటే మిగతాదంతా సులువు. మందం ప్రవాహానికి ఘనమూలంగా పెరుగుతుంది. నీరు ఎనిమిది రెట్లు చేస్తే మందం రెండు రెట్లే అవుతుంది, వేగం నాలుగు రెట్లవుతుంది. జీవపొరను ఒరుసుకుపోయే షియర్ బలం మందానికి అనులోమం కాబట్టి అదీ రెండు రెట్లే. పై ఉదాహరణలో ఆ బలం చదరపు మీటరుకు దాదాపు 1.1 న్యూటన్. 'నీళ్లు కాస్త ఎక్కువ వదిలితే పాచి కొట్టుకుపోతుంది' అన్న మాట ఎందుకు పనిచేయదో ఇక్కడే తెలుస్తుంది. కాస్త ఎక్కువతో ఏమీ కాదు. కొన్ని నిమిషాల పాటైనా చాలా రెట్లు ఎక్కువ పడాలి.

రాయి, ప్లాస్టిక్

రాతి మీడియా అంటే 50 నుంచి 100 మి.మీ. సైజు రాళ్లు. ఘనపు మీటరుకు ఉపరితలం 45-60 చ.మీ., ఖాళీ 40-55 శాతం. ప్లాస్టిక్‌లో ఉపరితలం 90 నుంచి 150 చ.మీ., ఖాళీ 95 శాతం పైన.

రాతి విషయంలో సైజు కన్నా ఏకరూపత ముఖ్యం. పెద్ద రాళ్ల మధ్య చిన్న ముక్కలు చేరితే ఖాళీ పడిపోతుంది, నీరు ఆ చిన్న ముక్కల దగ్గర చుట్టుతిరిగి పక్కదారి పడుతుంది. పలుచని, పొడవాటి పలకలు ఇంకా చెడ్డవి: గొడుగులా నీటిని ఒకవైపుకు మళ్లించి, కింద పొడి నీడ మిగులుస్తాయి. మట్టీ రజనూ లేకుండా కడిగిన రాళ్లనే వేయాలి. లారీ నుంచి ఒకేచోట కుమ్మరిస్తే గుట్ట మధ్యలో సన్నముక్కలు, అంచుల్లో పెద్దరాళ్లు చేరతాయి. ఆ తేడా బెడ్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. తడిసి ఆరి పొడిబారి చిట్లే రాయి పనికిరాదు. సోడియం సల్ఫేట్ ద్రావణంలో పదే పదే ముంచి ఆరబెట్టే పరీక్ష పెట్టేది అందుకే.

ప్లాస్టిక్ షీట్ మీడియా రెండు రకాలు. నిలువు గొట్టాల రకంలో పైన ఏ గొట్టంలో పడ్డ నీరు దాదాపు ఆ గొట్టంలోనే దిగుతుంది, మళ్లీ పంచేవాడు లేడు. అందుకని పైన పంపకం ఎంత బాగుంటే అంత ఫలితం. క్రాస్‌ఫ్లో రకంలో ముడతలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి, ప్రతి ఖండన దగ్గర నీరు చీలి కలుస్తుంది. నీటి పంపకం దీనిలోనే మేలు. కానీ ఆ ఖండనల దగ్గరే పాచి ముద్దలు ఇరుక్కుంటాయి. గాఢమైన పారిశ్రామిక మురుగుకు నిలువు రకం, గృహ మురుగుకు, అమ్మోనియా తగ్గించడానికి క్రాస్‌ఫ్లో అన్నది నా మొగ్గు. ఏ రకమైనా ఒక్కో వరుసను కింది వరుసకు 90 డిగ్రీలు తిప్పి పేర్చాలి. లేకపోతే ఒకే తలంలో నీరు దిగుతుంది.

జీవపొర మందం గురించి ఒక్క లెక్క. ఆక్సిజన్ అందేది పైన 0.1-0.2 మి.మీ. వరకే. దాని వెనక పెరిగేది శుద్ధికి పెద్దగా ఉపయోగపడదు, చోటు మాత్రం ఆక్రమిస్తుంది. ఘనపు మీటరుకు 100 చ.మీ. మీడియా మీద ఒక్క మిల్లీమీటరు పొర అంటే 100 లీటర్ల ఖాళీ పోయినట్టు, దాదాపు 100 కిలోల బరువు చేరినట్టు. 3 మి.మీ. అయితే 300 కిలోలు. 60 చ.మీ. ఉన్న రాతి బెడ్‌లో అదే 3 మి.మీ. పొర 18 శాతం చోటు తింటుంది, అసలున్న ఖాళీయే 45 శాతం. గాలికీ నీటికీ మిగిలేది ఎంతో చూడండి.

డిస్ట్రిబ్యూటర్: అసలు కీలకం

రోజుకు చదరపు మీటరుకు ఎన్ని ఘనపు మీటర్లు అన్న అంకెను అందరూ చెబుతారు. తక్కువ లోడ్ ఫిల్టర్లలో 1 నుంచి 4, ఎక్కువ లోడ్ వాటిలో 10 నుంచి 40. నా దృష్టిలో ఈ అంకె సగం కథే చెబుతుంది. ఒక చేయి ఒక చోటు మీదుగా వెళ్లినప్పుడు అక్కడ ఎన్ని మిల్లీమీటర్ల నీరు పడింది అన్నది మిగతా సగం. జర్మన్ ఇంజనీర్లు దీన్ని ష్పూల్‌క్రాఫ్ట్ (కడిగే శక్తి) అన్నారు, క్లుప్తంగా ఎస్‌కే. లెక్క ఇది: గంటకు చ.మీ.కు పడే నీటిని మిల్లీమీటర్లలోకి మార్చి, చేతుల సంఖ్య, నిమిషానికి చుట్లు, 60, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. గంటకు పడే నీటిలో రీసర్క్యులేషన్ (కింద దిగిన నీటిలో మళ్లీ పైకి పంపే భాగం) కూడా కలిపి లెక్కించాలి.

20 మీటర్ల వ్యాసం గల రాతి ఫిల్టర్ తీసుకోండి. వైశాల్యం 314 చ.మీ. రీసర్క్యులేషన్‌తో కలిపి గంటకు 150 ఘ.మీ. వస్తోంది. అంటే గంటకు 478 మి.మీ. రెండు చేతులు, నిమిషానికి ఒక చుట్టు. 478ని 120తో భాగిస్తే ఎస్‌కే 4 మి.మీ. నీటి జెట్ల ఎదురుతోపుతో వాటంతటవే తిరిగే పాత డిస్ట్రిబ్యూటర్లు చాలావరకు ఇలాగే పరిగెడుతుంటాయి. ప్రతి అర నిమిషానికీ 4 మి.మీ. తుంపర. చూడటానికి ఒకే తీరుగా తడుస్తున్నట్టుంటుంది. కానీ ఆ తుంపర పైపైన నాలుగు దారులు పట్టి వాటిల్లోనే దిగుతుంది, పక్కలు ఆరిపోతాయి, ఆ దారుల్లో పాచి బలుస్తుంది.

అదే నీటిని నెమ్మదిగా తిప్పి పోస్తే? ఎస్‌కే 30 కావాలంటే చుట్టు వేగం నిమిషానికి 0.133, అంటే ఒక చుట్టుకు ఏడున్నర నిమిషాలు. ఇప్పుడు ఒక్కో చోటికి 3 నిమిషాల 45 సెకన్లకోసారి 30 మి.మీ. నీరు దబ్బున పడుతుంది. రోజు మొత్తం నీరు మారలేదు, విద్యుత్ మారలేదు. కానీ పడ్డప్పుడు పొర మందంగా ఉండి పక్కలకు పాకుతుంది, లోతుదాకా తడుపుతుంది, వదులుగా ఉన్న పాచిని వెంట తీసుకెళుతుంది. రెండు మోతాదుల మధ్య నీరు దిగిపోయి గాలి లోపలికి వస్తుంది.

ఎంత ఎస్‌కే మంచిది అన్నది సేంద్రియ లోడ్ మీద ఆధారపడుతుంది. వాడుకలో ఉన్న మార్గదర్శకం ప్రకారం, ఘనపు మీటరు బెడ్‌కు రోజుకు 0.25 కిలోల బీఓడీ ఉంటే రోజువారీ ఎస్‌కే 10-30 మి.మీ., అర కిలో ఉంటే 15-45, ఒక కిలో అయితే 30-90, రెండు కిలోలైతే 40-120. ఇవి రోజూ నడిపే విలువలు. వీటికి తోడు అప్పుడప్పుడూ ఫ్లషింగ్ (ఎక్కువ ఎస్‌కేతో పాచిని కడిగేయడం) కావాలి: అర కిలో వరకు కనీసం 200 మి.మీ., ఒక కిలోకి 300, రెండు కిలోలకు 400. మన ఫిల్టర్‌లో 200 మి.మీ. రావాలంటే ఒక్క చుట్టుకు 50 నిమిషాలు పట్టాలి. ఆ వేగంతో జెట్ల తోపు మీద నడపలేం, మోటారు కావాలి. మోటారు లేనిచోట కొన్ని నాజిళ్లను వెనక్కి తిప్పి బ్రేకులా వాడతారు. దీంతో పరుగు తగ్గుతుంది గానీ 50 నిమిషాల చుట్టు ఆశించకండి. ప్రవాహం మారితే వేగమూ మారిపోతుంది.

ఫ్లషింగ్ తక్కువ ప్రవాహం ఉండే వేళ, సాధారణంగా రాత్రి, పెట్టుకోవడం మేలు. ఆ సమయంలో రాలే పాచి అంతా ఫైనల్ క్లారిఫైయర్ (ఫిల్టర్ తర్వాత నీరు తేరుకునే తొట్టి) మీద పడుతుంది. పగటి గరిష్ఠ ప్రవాహంతో కలిస్తే అక్కడ తేరుకోదు. చాలాకాలం ఫ్లషింగ్ లేని ఫిల్టర్‌లో ఒకేసారి 200 మి.మీ.తో మొదలుపెట్టొద్దు. ఎస్‌కేని వారాల తరబడి మెల్లగా పెంచుతూ పోవాలి. లేకపోతే నెలల పాచి ఒక్క రాత్రిలో దిగి క్లారిఫైయర్ నుంచి స్లడ్జ్ (అడుగున చేరే బురద) పంపు దాకా అన్నిటినీ పూడ్చేస్తుంది.

చేతులు, నాజిళ్లు

చేతికి ఉన్న రంధ్రాలు సమాన దూరంలో ఉండకూడదు. బయటి అంచు దగ్గర ఒక మీటరు పొడవు చేయి తిరిగి తడపాల్సిన వైశాల్యం లోపలి మీటరు కన్నా చాలా ఎక్కువ. కాబట్టి మీటరుకు ఇవ్వాల్సిన నీరు వ్యాసార్థంతో పాటు పెరగాలి, రంధ్రాలు బయటికి పోయేకొద్దీ దగ్గర పడాలి. ఒక్కో రంధ్రం ఎంత ఇస్తుందో అంచనా: 30 మి.మీ. రంధ్రం, పైన 0.6 మీ. నీటి హెడ్ (నీటి ఎత్తు ఇచ్చే ఒత్తిడి), రంధ్రపు ప్రవాహ గుణకం 0.6 అనుకుంటే సెకనుకు 1.46 లీటర్లు, గంటకు 5.2 ఘ.మీ. గంటకు 150 ఘ.మీ.కు 29 రంధ్రాలు, చేతికి 14 లేదా 15. ఇందులో ఒక్కటి మూసుకుపోతే బెడ్‌లో ఒక పూర్తి వలయం ఎండుతుంది. దాని వాటా నీరు మిగతా వలయాలకు పోతుంది. ఫ్లోమీటర్ మీద మాత్రం ఏ తేడా కనిపించదు.

చేతి లోపల నీటి వేగం గరిష్ఠ ప్రవాహంలో సెకనుకు 1.2 మీటర్లు దాటకుండా చూస్తారు. దాటితే ఒరిపిడి నష్టం పెరిగి మొదటి రంధ్రాలకీ చివరి రంధ్రాలకీ ఒత్తిడి తేడా వస్తుంది. తిరిగే చేతిలో అపకేంద్ర బలం కూడా ఉంది: 10 మీటర్ల చేయి నిమిషానికి ఒక చుట్టు తిరిగితే అంచు దగ్గర 5-6 సెం.మీ. అదనపు హెడ్ చేరుతుంది. 0.6 మీ. హెడ్ ఉన్నచోట ఇది అంచు నాజిళ్ల ప్రవాహాన్ని 4-5 శాతం పెంచుతుంది. వేగం ఏడో వంతుకు తగ్గిస్తే ఈ లాభం దాదాపు పోతుంది. అందుకే డిస్ట్రిబ్యూటర్‌ని నెమ్మదింపజేశాక పంపకాన్ని మళ్లీ కొలవాలి. ఈ పని చాలామంది మరచిపోతారు.

కొలవడం తేలికే. ఒకే సైజు లోతు తక్కువ పళ్లేలు తీసుకుని కేంద్రం నుంచి గోడదాకా ఒకే వ్యాసార్థం వెంట, మీడియాతో సమానంగా, మట్టంగా పెట్టాలి. చేతులు పూర్తి చుట్లు కొన్ని తిరిగాక ప్రతి పళ్లెంలో నీటిని కొలజాడీతో కొలవాలి. అన్ని పళ్లేలకూ చుట్ల సంఖ్య ఒకటే ఉండాలి. ఏ పళ్లెమైనా సగటుకు 10 శాతం అటూఇటూగా ఉంటే సరే. రోజులో తక్కువ ప్రవాహం ఉన్నప్పుడొకసారి, ఎక్కువున్నప్పుడొకసారి చేయాలి, ఎందుకంటే తక్కువ హెడ్‌లో బాగా పంచే డిస్ట్రిబ్యూటర్ ఎక్కువ హెడ్‌లో పంచకపోవచ్చు. పళ్లేలు పెట్టడానికి, తీయడానికి ముందు నీరు ఆపి, చేతులు నిలిచాకే బెడ్ మీదికి వెళ్లాలి. తిరుగుతున్న చేతిని మనిషి బలంతో ఆపాలని ఎప్పుడూ చూడకండి. నీళ్లు నిండిన చేయి బరువు, దాని జోరు ఎముకలు విరగ్గొడతాయి.

తేడా ఎక్కడుందో బట్టి కారణం ఊహించవచ్చు. అంచు పళ్లేల్లోనే ఎక్కువుంటే చేయి వాలిపోయి ఉంటుంది. చేయిని పట్టి ఉంచే తాళ్లకున్న టర్న్‌బకిల్స్ (బిగింపు మరలు) బిగించి మట్టం సరిచేయాలి. కేంద్రం దగ్గర ఎక్కువుంటే నడిస్తంభం సీల్ కారుతోందేమో చూడాలి. పాత డిస్ట్రిబ్యూటర్లలో ఈ సీల్ పాదరసంతో ఉండేది. అలాంటిది మిగిలుంటే దాన్ని మార్చడం వాయిదా వేయదగ్గ పని కాదు, కారిన పాదరసం నేరుగా స్లడ్జ్‌లోకి చేరుతుంది. ఒకే పళ్లెం ఖాళీగా ఉంటే అక్కడి నాజిల్‌లో గుడ్డపీలికో ప్లాస్టిక్ ముక్కో ఇరుక్కుని ఉంటుంది. చేతి చివరి గేటు తెరిచి వారానికోసారి కడిగితే ఇవి చాలావరకు తగ్గుతాయి. గోడ పక్కన వెడల్పాటి పొడి పట్టీ కనిపిస్తే చివరి నాజిల్ గోడను తడపట్లేదు. అక్కడే ఫిల్టర్ ఈగలు పుడతాయి.

రాత్రి ప్రవాహం తగ్గి హెడ్ చాలక చేతులు ఆగిపోవడం ఇంకో సామాన్యమైన సమస్య. ఆగిన చేతుల కింద రెండు గీతల మేర మాత్రమే నీరు పడుతూ, మిగతా బెడ్ గంటల తరబడి ఎండుతుంది. పొద్దున మొదటి జోరు రాగానే ఎండిన పొర పెచ్చులుగా ఊడి వస్తుంది. నాలుగు చేతుల డిస్ట్రిబ్యూటర్లలో నడిస్తంభంలో చిన్న అడ్డుకట్ట పెట్టి, తక్కువ ప్రవాహంలో రెండు చేతులకే నీరు వెళ్లేట్టు చేస్తారు. అది లేనిచోట డోసింగ్ సైఫన్ (నీటిని పోగుచేసి ఒక్కసారిగా వదిలే ఏర్పాటు) గానీ రాత్రిపూట రీసర్క్యులేషన్ గానీ కావాలి.

రీసర్క్యులేషన్ ఎందుకు, ఎంతవరకు

ఫిల్టర్ నుంచి దిగిన నీటిలో కొంత మళ్లీ పైకి పంపితే శుద్ధి రెట్టింపవుతుందన్న నమ్మకం ఉంది. లెక్కేసి చూద్దాం. తరచూ వాడే సూత్రంలో మిగిలే బీఓడీ భాగం ఘాతీయంగా తగ్గుతుంది, ఘాతాంకం లోతుకు అనులోమంగా, ప్రవాహపు ఒకానొక ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఆ ఘాతం 0.5 నుంచి 0.67 మధ్య తీసుకుంటారు. 0.67 అంకె పైన చెప్పిన నీటి పొర లెక్కలోంచే వస్తుంది.

రీసర్క్యులేషన్ లేకుండా 80 శాతం తొలగిస్తున్న ఫిల్టర్‌కు, వచ్చే నీటికి సమానమైన రీసర్క్యులేషన్ పెట్టామనుకోండి. ప్రవాహం రెండింతలైంది, కాబట్టి ఒక్కో దాటులో తొలగింపు 0.5 ఘాతంతో 68 శాతానికి పడిపోతుంది. పోసే నీరు మాత్రం పలచబడింది. రెండూ కలిపి లెక్కిస్తే మొత్తం తొలగింపు 81 శాతం. 0.67 తీసుకుంటే 78. అంటే బెడ్ అప్పటికే పూర్తిగా తడిసి ఉంటే రీసర్క్యులేషన్ ఇచ్చేది దాదాపు సున్న, పైగా పంపు కరెంటు ఖర్చు.

మరి వాస్తవంలో రీసర్క్యులేషన్ పెట్టగానే ఫలితం ఎందుకు మెరుగవుతుంది? బెడ్ ముందు పూర్తిగా తడవలేదు కాబట్టి. ఉపరితలంలో సగమే వాడుకలో ఉంటే, ప్రవాహం పెరిగి మిగతా సగం తడిస్తే లాభం కనిపిస్తుంది. దానితో పాటు గాఢమైన మురుగు పలచబడుతుంది, చేతులు రాత్రి ఆగవు, బెడ్ పైపొర మీద పాచి అతిగా పెరగదు. ఇవి మంచి కారణాలే. కానీ మోటారు పెట్టి డిస్ట్రిబ్యూటర్‌ని నెమ్మదింపజేస్తే తడిసే లాభం చాలావరకు పంపు నడపకుండానే వస్తుంది. అది ముందు ప్రయత్నించి, ఆ తర్వాతే రీసర్క్యులేషన్ నిష్పత్తి పెంచడం గురించి ఆలోచించమంటాను. ప్లాస్టిక్ టవర్‌లో కనీస తడుపు ప్రవాహం అందకపోతే మాత్రం రీసర్క్యులేషన్ తప్పదు.

తిరిగి పంపే నీటిని ప్రైమరీ క్లారిఫైయర్‌కు (ఫిల్టర్‌కు ముందుండే తేరుకునే తొట్టికి) ముందు కలిపితే ఆ క్లారిఫైయర్ మీద ప్రవాహ భారం పెరిగి తేరుకోవడం దెబ్బతింటుంది. ఆ భారానికి తగ్గట్టు కట్టి ఉంటే తప్ప ఫిల్టర్ పంపు సంపులోకే కలపడం మంచిది.

అడుగు భాగం, గాలి

అండర్‌డ్రెయిన్ పని నీటిని తీసుకెళ్లడం ఒక్కటే కాదు. దాని పైభాగం గాలి దారి. అందుకే కాలువలు గరిష్ఠ ప్రవాహంలో కూడా సగానికి మించి నిండకుండా కడతారు. అడుగు వాలు 1-2 శాతం, రాలిన పాచి పేరుకోకుండా సగటు ప్రవాహంలో వేగం సెకనుకు 0.6 మీటర్లు. బెడ్ నుంచి డ్రెయిన్‌లోకి తెరుచుకునే కంతల మొత్తం వైశాల్యం ఫిల్టర్ వైశాల్యంలో కనీసం 15 శాతం.

గాలిని కదిలించేది బయటి గాలికీ బెడ్ లోపలి గాలికీ ఉన్న ఉష్ణోగ్రత తేడా. ఆ బలం ఎంత స్వల్పమో చూడండి: లోపల 20, బయట 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే మీటరు లోతుకు 0.04 మి.మీ. నీటి పీడనం. నాలుగు మీటర్ల బెడ్‌కు 0.16 మి.మీ. ఇంత చిన్న తోపు మీద నడిచే గాలి కాస్త పాచి అడ్డుపడినా, కాలువ పూర్తిగా నిండినా నిలిచిపోతుంది. బయట వేడిగా ఉంటే లోపలి చల్లగాలి కిందికి దిగుతుంది, బయట చల్లగా ఉంటే పైకి పోతుంది. పగలూ రాత్రీ మధ్య దిశ మారేటప్పుడు గాలి కదలని గంటలుంటాయి. అమ్మోనియా తగ్గించాల్సిన ఫిల్టర్లకూ, లోడ్ ఎక్కువున్న టవర్లకూ ఫ్యాన్ పెట్టడమే సరైన పని. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ముందు బయటికొచ్చే కాలువ మట్టం చూడాలి. అండర్‌డ్రెయిన్ లోపలికి మాత్రం గ్యాస్ పరీక్షించకుండా ఎవరూ దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది.

నీరు పైన నిలిచినప్పుడు

మడుగు కట్టడానికి కారణాలు ఎన్నో ఉండొచ్చు: చిట్లిన రాళ్లు, కొట్టుకొచ్చిన ఆకులు, పైన పెరిగిన నాచు, నత్త గుల్లలు, ప్రైమరీ క్లారిఫైయర్ దాటొచ్చిన గ్రీజు, లోడ్ మించి బలిసిన పాచి. ముందు పైపొర రాళ్లు చేత్తో తీసి చూడాలి. పై 10-20 సెం.మీ.లోనే అడ్డు ఉంటే దంతెతో కదిపి, ప్రెషర్ జెట్‌తో కడిగితే చాలు. లోతుగా ఉంటే చేతిని ఆ చోటు మీద ఆపి కొన్ని గంటలు నీరు వదిలి చూడాలి. అప్పటికీ దిగకపోతే తక్కువ ప్రవాహ వేళ, డిస్ట్రిబ్యూటర్‌లోకి వెళ్లే నీటిలో లీటరుకు 1-2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా కొన్ని గంటలు కలపడం ఉంది. అది మంచి చెడు చూడకుండా చంపుతుంది కాబట్టి ఆ తర్వాత కొన్నాళ్లు ఫలితం తగ్గుతుందని ముందే సిద్ధపడాలి.

అండర్‌డ్రెయిన్ గేట్లు మూసి బెడ్‌ను 24 గంటలు నీట ముంచడం పాత పద్ధతి, ఈగల లార్వాలకు కూడా మందు. అయితే గోడలు నీటి ఒత్తిడి తట్టుకునేలా కట్టిన రాతి ఫిల్టర్లకే ఇది. చాలా ప్లాస్టిక్ టవర్ల గోడలు గాలివానను ఆపేవే తప్ప నీటిని నిలిపేవి కావు. ముంచితే గోడ విరిగి పడుతుంది. ఈగలు గుడ్డు నుంచి ఎగిరేదాకా ఉష్ణోగ్రతను బట్టి వారం నుంచి నెల పడుతుంది. వేడికాలంలో వారానికోసారి ముంచకపోతే ఒక తరం తప్పించుకుంటుంది. ఎస్‌కే సరిగ్గా ఉండి పొడి మచ్చలు లేని బెడ్‌లో ఈగల బెడద మామూలుగానే తక్కువ.

కారణం రాళ్లు చిట్లడమే అయితే ఈ వైద్యాలేవీ నిలవవు. తీసి, జల్లెడ పట్టి, కడిగి, లోటును కొత్త రాళ్లతో పూడ్చడమే.

ఉప్పుతో పరీక్ష

పళ్లేలు పైన పంపకం చెబుతాయి. లోపల నీరు ఏ దారి పట్టిందో చెప్పేది ట్రేసర్. మామూలు ఉప్పు, ఒక కండక్టివిటీ మీటర్ చాలు. పైన చెప్పిన గంటకు 150 ఘ.మీ. ఫిల్టర్‌కు 10 కిలోల ఉప్పు డ్రమ్ములో కరిగించి నడిస్తంభంలోకి పోస్తే, అది 20 నిమిషాల్లో బయటపడుతుందనుకుంటే 50 ఘ.మీ. నీటిలో సగటున లీటరుకు 200 మిల్లీగ్రాములు. కండక్టివిటీ సెం.మీ.కు దాదాపు 400 మైక్రోసీమెన్స్ పెరుగుతుంది, తేలిగ్గా కనిపిస్తుంది.

ఇక్కడ మూడు మెలికలున్నాయి. రీసర్క్యులేషన్ ఆపాలి, లేకపోతే ఉప్పు మళ్లీ మళ్లీ తిరిగొచ్చి కండక్టివిటీ గీత తోక ఎప్పటికీ తెగదు. అది ఆగితే ప్రవాహమూ తగ్గుతుంది కాబట్టి పరీక్ష వేళ ప్రవాహాన్ని రాసుకోవాలి. రెండోది, నెమ్మదిగా తిరిగే డిస్ట్రిబ్యూటర్‌లో ఉప్పును ఒక్కసారిగా పోస్తే బెడ్‌లో ఒక ముక్కకే అందుతుంది. రెండు చేతులుంటే కనీసం అర చుట్టు పట్టే సమయమంతా సమానంగా పోయాలి. మూడోది, మీటరును అండర్‌డ్రెయిన్ కాలువలన్నీ కలిసిన చోట పెట్టాలి. మొదట్లో 15 సెకన్లకోసారి, శిఖరం దాటాక నిమిషానికోసారి రీడింగ్ తీసుకుంటే సరిపోతుంది.

వచ్చిన గీతలో శిఖరం మరీ తొందరగా, సూదిగా వస్తే కొంత నీరు అడ్డదారిలో దిగిపోతోంది. తోక పొడవుగా సాగితే నీరు గుంటల్లోనూ జీవపొరలోనూ చిక్కుకుని మెల్లగా వస్తోంది. కొంత తోక ఆరోగ్యకరమే, పొర బతికున్నట్టు. పోసిన ఉప్పులో 90 శాతం కన్నా తక్కువ లెక్కకు వస్తే పరీక్షలోనే తప్పుంది, ముందు ఫ్లోమీటర్‌ని సరిచూడాలి. డిస్ట్రిబ్యూటర్ వేగం మార్చకముందొకసారి, మార్చి పొర స్థిరపడ్డాక ఒకసారి చేసి రెండు గీతలూ ఒకే కాగితం మీద గీస్తే, ఎస్‌కే పెంచడం వల్ల అసలు ఏం మారిందో వాదన లేకుండా తేలుతుంది.

నీట మునిగిన ఫిల్టర్లు

2-6 మి.మీ. గుళికలతో నింపి, పూర్తిగా నీట ముంచి, కింది నుంచి గాలి ఊదే బయోఫిల్టర్ల తీరు వేరు. అక్కడ ఖాళీ అంతా నీరే, ప్రవాహాన్ని నడిపేది పీడనం తేడా. జీవపొరతో పాటు మలినాల్ని వడకట్టడం కూడా జరుగుతుంది కాబట్టి హెడ్‌లాస్ (బెడ్ దాటేటప్పుడు నీరు పోగొట్టుకునే ఒత్తిడి) గంటగంటకూ పెరుగుతుంది. చాలావరకు రోజుకోసారైనా బ్యాక్‌వాష్ పడుతుంది: ముందు గాలి ఒక్కటే ఊది గుళికల్ని కదపడం, ఆపై గాలీ నీరూ కలిపి, చివరగా నీటితో కడగడం. హెడ్‌లాస్ గీతను రోజూ చూడాలి. బ్యాక్‌వాష్ అయిన వెంటనే ఉండే కనిష్ఠ హెడ్‌లాస్ వారం వారం పైకి జరుగుతుంటే కడుగుడు చాలట్లేదు, మట్టిముద్దలు తయారవుతున్నాయి. ఆ దశలో బ్యాక్‌వాష్‌లు తరచుగా చేయడం కన్నా గాలి దశ నిడివి పెంచడం ఎక్కువ పని చేస్తుంది. గాలి బుడగలు ఒక మూల ఎగసిపడుతూ ఇంకో మూల కదలకుండా ఉంటే అడుగున ఎయిర్ నాజిల్ విరిగినట్టే. బెడ్ ఖాళీ చేసి చూడక తప్పదు.